బ్రౌన్ కేంద్రంలో సైగల భాషకూ ఒక గది

యోగి వేమన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం బాధ్యులకు,

నమస్కారం.

నేను కడపలో ఇంటర్ పిల్లలకు తెలుగు పాఠం చెప్పుకునే మనిషిని. మా అమ్మకూ నాన్నకూ పుట్టుకతోనే చెవులు వినపడవు. మా ఇంట్లో ముందు సైగలు, తరవాతే మాటలు. ఆసుపత్రిలో డాక్టరు చెప్పేది అర్థం కావాలన్నా, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పెట్టే ముందు కాగితంలో ఏముందో తెలియాలన్నా, ఆఖరికి పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి ఏమడుగుతున్నాడో తెలియాలన్నా ఈ చుట్టుపక్కల బధిరులు నాకు వీడియో కాల్ చేస్తారు. పోతాను, చెబుతాను, వస్తాను. ఈ ఉత్తరం ఆ పని గురించి కాదు.

ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర పేరు మీద మీరు నడుపుతున్న కేంద్రంలో ఒక గది అడుగుతున్నాను. అందులో రెండు మూడు కెమెరాలు, ఒక మంచి కంప్యూటరు, నలుగురైదుగురు బధిర యువతీయువకులకు నెలజీతం. వాళ్లు చేయాల్సిన పని, రాయలసీమ బధిరులు వాడే సైగల భాషను వీడియోల్లోకి ఎక్కించి, విడదీసి చూసి, దాని వ్యాకరణం తేల్చడం. ఆ పని చేస్తూ చేస్తూనే వాళ్లు ఎం.ఏ.కూ పీహెచ్‌డీకీ పోయే దారి కూడా మీ విశ్వవిద్యాలయమే వేయాలి.

ఈ మాట ఎత్తితే వెంటనే ఏమంటారో నాకు తెలుసు. "ముందు వాళ్లకేదన్నా ఉద్యోగం చూడమ్మా, రీసెర్చి సంగతి తరవాత" అని ఒక పెద్దమనిషి నాతోనే అన్నాడు. రీసెర్చి చేసేవాళ్లకు జీతాలు రావనా ఆయన ఉద్దేశం? చెవులు వినపడే పిల్లవాడు తెలుగులో పీహెచ్‌డీ చేస్తానంటే ఆ మాట ఎవరూ అనరు, అనాల్సిన అవసరం ఒక్కోసారి ఉన్నా సరే.

మనలో చాలామందికి సైగల భాష అంటే టీవీ వార్తల్లో ఓ మూల చిన్న డబ్బాలో కనిపించే మనిషి. అందుకని ఒక్క సైగను దగ్గరగా చూపిస్తాను. మా అమ్మ సంగటి అని చెప్పాలంటే రెండు పిడికిళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టి, సంగటి కట్టె పట్టుకున్నట్టు, పొట్టకు దగ్గరగా చిన్నగా రెండుసార్లు తిప్పుతుంది. అదే నాకు సంగటి కెలకమని చెప్పాలంటే పిడికిళ్లు అవే, చోటూ అదే, తిప్పడం మాత్రం పెద్దది, ఒకే ఊపు, చూపు నా మీద. ఇంకా ఉడకలేదు, కెలుకుతూనే ఉండు అనాలంటే అదే తిప్పడం నెమ్మదిస్తుంది, బుగ్గలు ఉబ్బుతాయి. సంగటి పేరు, కెలికే పని, ఆ పని సాగుతూ ఉండటం, మూడూ ఒక్క చేతి ఆకారంలోంచే వచ్చాయి. తేడా అంతా కదలికలో, ముఖంలో ఉంది.

అమెరికన్ సైగల భాషలో కుర్చీకీ కూర్చోవడానికీ తేడా లేదని ఒకప్పుడు పండితులు రాసుకున్నారు. చేతులు రెంటికీ ఒకేలా ఉంటాయి మరి. 1978లో టెడ్ సుపాల్లా, ఎలిసా న్యూపోర్ట్ ఇద్దరూ ఆ తేడాను పట్టుకున్నారు: పని చెప్పే సైగలో కదలిక ఒకసారి, వస్తువు చెప్పే సైగలో కదలిక చిన్నదై, బిగువుగా, మళ్లీ మళ్లీ వస్తుంది. అలాంటి జంటలు ఒకటీ రెండూ కాదు, పెద్ద పట్టీయే వేశారు. సుపాల్లా బధిరుడు. బధిరుల ఇంట్లో పుట్టి ఆ భాషలోనే పెరిగినవాడు. అందరి ముందూ ఉన్న సైగే అది, చూసే కన్ను ఉన్నవాడికి దొరికింది.

మా అమ్మ సంగటి సైగలో ఉన్నదీ అదే సూత్రమా, లేక వేరే ఏదైనానా? మా ఇంటి వరకేనా, జమ్మలమడుగులో, రాయచోటిలో, బద్వేలులో కూడా అలాగే చేస్తారా? జొన్న సంగటికీ రాగి సంగటికీ సైగ మారుతుందా? కూర్చోబెట్టి వీడియో తీసి, ఒకరి సైగను ఇంకొకరి సైగ పక్కన పెట్టి చూస్తే తప్ప తేలే ప్రశ్నలు కావివి. అలా చూడటాన్నే భాషాపరిశోధన అంటాం. తెలుగు ఎం.ఏ.లో భాషాశాస్త్రం పేపరు పెట్టి మనం పిల్లలకు నేర్పేదీ ఇదే.

1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది. దానికోసం జిల్లా జిల్లాకూ పోయి రైతులను అడిగి మాటలు పోగు చేశారు. మడకలో ఏ భాగాన్ని ఏ ఊళ్లో ఏమంటారో పట్టి పట్టి రాసుకున్నారు. రైతు నోటి మాటకు దక్కిన ఆ మర్యాద ఇదే మడక పట్టిన బధిర రైతు చేతి సైగకు ఇంతవరకూ దక్కలేదు.

సైగల భాష మీద పరిశోధన ఎక్కడ మొదలైందో చూసినా బధిరులు లేకుండా జరగలేదు. అమెరికాలో బధిరుల కోసం 1864లో ఏర్పడిన గాలొడెట్ కాలేజీలో విలియం స్టోకీ అనే ఇంగ్లీషు మేష్టరు 1960లో మొదటిసారి ఇది భాషేనని, చేతి ఆకారం, చోటు, కదలిక అనే ముక్కలతో మన అక్షరాల్లాగే కట్టుబడి ఉందని రాశాడు. తోటి మేష్టర్లే నవ్వారట. 1965లో నిఘంటువు వచ్చినప్పుడు ఆయనతో పాటు ఇంకా రెండు పేర్లున్నాయి: డొరొతీ కాస్టర్‌లైన్, కార్ల్ క్రోనెబర్గ్. ఇద్దరూ బధిరులే. సైగలను గుర్తుల్లో రాసిపెట్టిన శ్రమలో ఎక్కువ భాగం కాస్టర్‌లైన్‌ది. ఊరూరికీ సైగ ఎలా మారుతుందో, బధిరుల సమాజం ఎలా నడుస్తుందో రాసింది క్రోనెబర్గ్. ఏళ్ల తరబడి లోకం స్టోకీ పేరొక్కటే చెప్పుకుంది. ఆ ఇద్దరికీ గాలొడెట్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 2022లో. అప్పటికి వాళ్లు తొంభై దాటినవాళ్లు.

మన దేశం సంగతికొస్తే, మదన్ వశిష్ఠ అని హిమాచల్ పల్లెటూరి కుర్రాడు. పదకొండో ఏట వినికిడి పోయింది. అమెరికా పోయి చదువుకుని, అక్కడి భాషాశాస్త్రవేత్తలతో కలిసి 1970లలో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు బధిరుల సైగలు సేకరించాడు. ఢిల్లీ సైగల పుస్తకం 1980లో అచ్చయింది. ఆ నాలుగు ఊళ్లలో తెలుగు ఊరు లేదు. అది వాళ్ల తప్పు కాదు. పిలిచినవాళ్లు ఉన్న చోటికి వాళ్లు పోయారు. మనం పిలవలేదు.

ఇంకా దగ్గరిది ఒకటుంది. హిందూపురం దాటి కర్ణాటకలోకి అడుగుపెడితే గౌరీబిదనూరు తాలూకా. అక్కడ ఆలీపూర్ అనే ఊరు. ఎక్కువమంది షియా ముస్లింలు. దగ్గరి సంబంధాలు చేసుకునే ఊరు, పుట్టుచెవుడు తరతరాలుగా కొన్ని కుటుంబాల్లో వస్తూ ఉంది. బధిరులు అంతమంది ఒకే చోట ఉండేసరికి ఊరికి సొంత సైగల భాష ఒకటి పుట్టింది. చెవులు వినపడే వాళ్లలోనూ ఎంతోమంది దాన్ని వాడతారు. టీకొట్టు దగ్గర, దర్జీ దగ్గర బేరాలు దాంట్లోనే సాగిపోతాయి. ఈ సంగతి భాషాశాస్త్రవేత్తలకు తెలిసిందంటే శిబాజీ పండా అనే భారతీయ పరిశోధకుడి పని వల్ల. పల్లెల సైగల భాషల మీద 2012లో వచ్చిన ఒక పెద్ద సంకలనంలో ఆలీపూర్ మీద అధ్యాయం ఆయనది. ఆయన కూడా బధిరుడే. ఊరికే ఒక నోటుపుస్తకం పట్టుకుని పోయిన చెవులు వినపడే మనిషి ముందు ఆ ఊరివాళ్లు అలా మాట్లాడేవాళ్లా? నాకు నమ్మకం లేదు. నేను గదిలోకి రాగానే మా నాన్న స్నేహితులు సైగలు మార్చేస్తారు, నెమ్మదిగా, పెదాలు కదిపి, తెలుగు వరసలో. కూతురినైనా నేను వినేదాన్నే కదా మరి.

ఆలీపూర్ మనకు అంత దగ్గరలో ఉంది. మేనరికాలు మన సీమలో కొత్తవేమీ కాదు. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ముగ్గురూ వినలేనివాళ్లయిన కుటుంబాలు ఈ జిల్లాలో నాకు తెలిసే ఉన్నాయి. వాళ్ల ఇళ్లలో, వాళ్ల వీధుల్లో ఏ సైగలు పుట్టాయో ఎవరూ చూడలేదు.

మీరు అనొచ్చు, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది కదా అని. ఉంది. భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. 2018లో 3,000 మాటలతో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి దాన్ని 10,000 దాకా పెంచింది. మంచి పని, మా పిల్లలంతా ఫోన్లలో అవే చూసుకుంటారు. 2020 జాతీయ విద్యావిధానం దేశమంతటికీ సైగల భాషను ప్రామాణికం చేస్తామంటూనే, వీలైన చోట స్థానిక సైగల భాషలను గౌరవించి నేర్పాలని కూడా అంటుంది. సరే, ఆ స్థానిక భాష ఏమిటో చెప్పేదెవరు? ఢిల్లీ నుంచి ఒకాయన మైదుకూరు వచ్చి కూర్చుంటాడా?

తొందర ఎందుకంటే, మా నాన్న వయసు వాళ్లు వెళ్లిపోతున్నారు. ఇప్పటి పిల్లలు యూట్యూబులో, ఇన్‌స్టా రీల్స్‌లో చూసిన ఢిల్లీ సైగలే వాడుతున్నారు. అందులో తప్పేం లేదు, దేశంలో ఎవరితోనైనా మాట్లాడుకోగలరు. కానీ ముసలివాళ్ల సైగలు పోతే వీడియో కూడా ఉండదు. తాళపత్రమైతే కనీసం పురుగు తిన్న ముక్కైనా మిగులుతుంది.

ఇప్పుడు ఒక అమ్మాయి గురించి చెప్పాలి. ప్రొద్దుటూరులో డీటీపీ పని చేస్తుంది, పుట్టు బధిరురాలు. ఏదో పని మీద మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న కూరగాయల లెక్క చెబుతుంటే అలా చూస్తూ ఉండిపోయింది. ఆయన నూరు అనాలంటే ఎడమచేతి చూపుడువేలిని కుడిచేత్తో పట్టుకుంటాడు. రెండు వందలకు రెండు వేళ్లు కలిపి పట్టుకుంటాడు. యాభైకి వేలు సగంలో గిల్లినట్టు. పిల్లలైతే అంకెలన్నీ గాల్లో వేసేస్తారు. ఆ అమ్మాయి ఫోను తీసి వీడియో పట్టింది. కొన్నాళ్లకు వాళ్ల వీధిలో ఉన్న ఇంకో ముసలాయన లెక్కను కూడా పట్టి, రెండూ ఒకదాని పక్కన ఒకటి అతికించి నాకు పంపింది. కింద తెలుగులో ఒక్క లైను: "ఇద్దరు సంతలో పని చేసారు. సంత నుండి వచ్చిందా?"

పశువుల సంతలో దళారీలు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడటం మీరందరూ చూసే ఉంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, సగం వేలు పడితే ఎంతో, పక్కన నిలబడినవాడికి తెలియకుండా సాగే లెక్క అది. మా నాన్న కుర్రతనంలో సంతల్లో ఎద్దులు తోలాడు. ఆ రెండు లెక్కలకూ చుట్టరికం ఉందా లేదా అనేది పీహెచ్‌డీకి సరిపడే ప్రశ్న అని నేను అనుకుంటాను. బధిరుల భాషలో సంత దాగుందా, సంతలోనే బధిరుల చెయ్యి ఉందా, ఎటైనా కావచ్చు. ఆ ప్రశ్న వేసింది డిగ్రీ మధ్యలో మానేసిన పిల్ల.

ఎందుకు మానేసిందంటే, ఒక కాలేజీలో బీఏలో చేరింది. సదరం సర్టిఫికెట్ ఉంది, సీటు వచ్చింది. రోజూ ముందు బెంచీలో కూర్చునేది. పాఠం చెప్పే ఆయన బోర్డు వైపు తిరిగి మాట్లాడతాడు, ఆ పిల్లకు ఆయన వీపు కనిపిస్తుంది. సైగలు తెలిసిన ఇంటర్‌ప్రెటర్‌ను పెట్టమని రాసిస్తే, పాస్ మార్కుల్లో రాయితీ ఉంది కదా, ఇంకేం కావాలన్నారు. రాయితీతో పాస్ కావడానికి ఆ అమ్మాయి కాలేజీకి పోలేదు. ఇంట్లో వాళ్లు కూడా, నెలకు ఆరు వేల పింఛను వస్తోంది, డీటీపీ వస్తే పెళ్లవుతుంది అన్నారు. మొదటి ఏడాదితో ఆగిపోయింది.

ఈ కథ ఆ ఒక్క పిల్లదే అయితే నేను మీకు రాసేదాన్ని కాదు. బధిర పిల్లల చదువు ఎక్కడ చెడిందో తెలియాలంటే 1880 దాకా పోవాలి. ఇటలీలో మిలాన్ పట్టణంలో బధిరుల గురువులు సభ పెట్టి, బడిలో సైగలు మానిపించి నోటితోనే మాట్లాడించాలని తీర్మానించారు. ఆ సభలో 164 మంది ఉంటే బధిరుడు ఒక్కడే. ఆ గాలి ఇక్కడి దాకా వీచింది. మా నాన్న చిన్నప్పుడు ఉన్న బడిలో చేతులు కదిపితే స్కేలుతో కొట్టేవాళ్లు. 2010లో వాంకూవర్‌లో అదే వరస సభ ఆ తీర్మానాలను తప్పుపట్టి వెనక్కి తీసుకుంది, మా నాన్న వేళ్ల మీద దెబ్బలు మాత్రం వెనక్కి పోవు. ఇప్పటికీ చాలా బళ్లలో టీచర్లకు సైగలు సరిగా రావు. పిల్లవాడికి మొదటి భాషే దిటవుగా దొరకదు, రెండోదైన తెలుగు రాత ఇంకెక్కడ పట్టుబడుతుంది? పదో తరగతిలో భాషల నుంచి మినహాయింపులిచ్చి గట్టెక్కిస్తారు. అలా గట్టెక్కిన పిల్లలు తరవాత ఏ తలుపు తట్టినా, "తెలుగు రాయడం రాదు కదా" అంటారు.

రాదనే అనుకుందాం. ఆ పిల్ల వాక్యంలో వ్యాకరణం మీరూ చూశారు, నేనూ చూశాను, నేను తెలుగు మేష్టరమ్మనే. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్నలో తప్పు పట్టండి చూద్దాం. సైగల భాష మీద పరిశోధనకు ముందుగా కావాల్సింది సైగల భాష. తెలుగు, ఇంగ్లీషు ఆ తరవాత, అవి నేర్పడానికి విశ్వవిద్యాలయం అనేదొకటి ఉంది. మనం ఇప్పుడు చేస్తున్నది తారుమారు: తెలుగు బాగా వచ్చి సైగలు ఒక్కటీ రానివాడికి ఈ విషయం మీద సీటిస్తాం, సైగలు పుట్టుకతో వచ్చినదానికి ఇవ్వం.

అందుకే మీరు మొదట డిగ్రీలు అడక్కండి. ఆ గదిలో మొదటి నలుగురినీ ప్రాజెక్టు సహాయకులుగా తీసుకోండి. సైగల భాష ఎంత లోతుగా వచ్చో చూడండి, అది చూసేది కూడా పెద్దవయసు బధిరులే కావాలి. కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో తిరిగి అరవై దాటినవాళ్లను ముందుగా వీడియో తీయడం వాళ్ల పని. బ్రిటన్‌లో 8 నగరాల్లో 249 మంది బధిరుల సైగలను ఇలాగే సేకరించారు. ఆ ఊరి బధిరులే పోయి, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ముచ్చట పెట్టించారు. ఇంటర్వ్యూ చేసినట్టు కాకుండా ఇద్దరు స్నేహితులు మాట్లాడుకున్నట్టు ఉంటేనే అసలు భాష బయటికొస్తుంది. ఒక కెమెరా ఒకరి మీద, ఒకటి రెండోవాళ్ల మీద, ఇంకొకటి ఇద్దరూ కనిపించేలా.

ఆ తరవాతి పని గదిలో. నెదర్లాండ్స్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ వాళ్లు చేసిన ఎలాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. వీడియో కింద వరసలు వరసలుగా గీతలుంటాయి: కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కనుబొమలు, పెదాలు, అర్థం. వీడియోను ముక్క ముక్కగా ఆపుకుంటూ ఏ వరసలో ఏం జరిగిందో నింపాలి. ఒక్క నిమిషం వీడియోకు గంటల పని. కనుబొమలు ఎందుకంటే, మన సైగల భాషలో అవునా కాదా అని అడిగే ప్రశ్న ప్రశ్నగా నిలిచేది వాటి మీదే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అనే సైగలు వాక్యం చివర వస్తాయి, కాదు, లేదు కూడా చివరే. ఇచ్చాను అనే సైగలో ఎవరు ఎవరికి ఇచ్చారో చెయ్యి ఎటు నుంచి ఎటు పోయిందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇవన్నీ మా ప్రొద్దుటూరు పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఎలాన్ వాడటం మాత్రం ఒక నెలలో నేర్పొచ్చు. డీటీపీ వచ్చినదానికి అదో లెక్కా?

ఒక జాగ్రత్త ఉంది, దాన్ని మొదట్లోనే రాసిపెట్టుకోవాలి. పాట రికార్డు చేస్తే పాడినవాళ్ల పేరు దాచొచ్చు. సైగల్లో సగం వ్యాకరణం ముఖం మీదే ఉంటుంది కాబట్టి ముఖం చెరిపేస్తే భాష పోతుంది. అంటే మాట్లాడినవాళ్లెవరో ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. ఇంటి గొడవలు, అప్పులు, కోడళ్ల మీద చాడీలు అన్నీ వస్తాయి మరి. వీడియో ఎవరు చూడొచ్చు, ఎవరు చూడకూడదు అనేది వాళ్లకు సైగల్లోనే వివరించి, సైగల్లోనే ఒప్పుకోలు తీసుకోవాలి. తెలుగు కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు కాదు.

డబ్బు సంగతి. కెమెరాల ఖర్చు ఒక్కసారిదే. అసలు ఖర్చు ఇంటర్‌ప్రెటర్లది, అది ప్రతి ఏడాదీ ఉంటుంది, బడ్జెట్‌లో ప్రత్యేకంగా పెట్టకపోతే అన్నీ కాగితం మీదే మిగులుతాయి. తరగతిలో రోజంతా ఒక్కరే చేయలేరు, ఇద్దరు మార్చుకుంటూ చేయాలి. లేకపోతే మధ్యాహ్నానికి పిల్లలకు చేరేది సగం పాఠమే. ఈ పని నేను ఉచితంగా చేస్తున్నంత కాలం ఈ జిల్లాలో ఎవరూ ఇంటర్‌ప్రెటర్‌కు జీతం పెట్టరని నాకు మెల్లగా అర్థమైంది.

ఇక చట్టం, నిబంధనలు. ఇక్కడ మీకంటే నేను ఎక్కువ చెప్పగలిగేది లేదు, గుర్తు చేయడమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు వాళ్లవి, వయసులో 5 ఏళ్ల సడలింపు కూడా ఉంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో 40 శాతం మించిన వైకల్యం ఉన్నవాళ్లకు గడువు మీద మరో 2 ఏళ్లు ఇవ్వొచ్చు. బయటి సంస్థ నుంచి సహ పర్యవేక్షకుడిని పెట్టుకోవచ్చు, కాబట్టి "మా దగ్గర గైడ్ లేడు" అనే మాట చెల్లదు. కేంద్ర ప్రభుత్వం ఏటా 200 మంది వికలాంగ పరిశోధకులకు ఫెలోషిప్ ఇస్తోంది. బధిరులకే ఉద్దేశించిన సైగల భాష బోధన డిప్లొమా ఉంది, ఇంటర్ పాసైతే చాలు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్ఐఓఎస్) సైగల భాషను 2021 నుంచి పదో తరగతి స్థాయిలో ఒక భాషా సబ్జెక్టుగా పెట్టింది. ఇగ్నో 2009లో బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో కలిసి సైగల భాషాధ్యయనంలో బీఏ మొదలుపెట్టింది, బధిర విద్యార్థులకు బధిరులే పాఠం చెప్పిన కోర్సు అది, కొన్ని బ్యాచ్‌లతోనే ఆగిపోయింది. అంటే మెట్లు అక్కడక్కడా ఉన్నాయి, మధ్యలో ఊడిపోయాయి. డిప్లొమా దగ్గర ఎక్కినవాడికి ఎం.ఏ. మెట్టు అందదు.

ఆ ఊడిన మెట్టు వేయమనే నా విన్నపం. ప్రాజెక్టులో రెండేళ్లు పనిచేసినవాళ్లకు ఆ పనినే క్రెడిట్లుగా లెక్కగట్టి డిగ్రీ పూర్తి చేయించే మార్గం ఆలోచించండి. ఎం.ఏ.లో సెమినారు సైగల్లో ఇవ్వనివ్వండి, సమాధానాలు వీడియోలో రాయనివ్వండి. అవును, రాయనివ్వండి, వాళ్ల రాత అదే. పీహెచ్‌డీ గ్రంథంలో అధ్యాయానికొక సైగల వీడియో ఉండాలి, ఎందుకంటే ఎవరి భాష గురించి రాశారో వాళ్లు చూసి అదెలా ఉందో చెప్పగలగాలి. వైవాకు ఇంటర్‌ప్రెటర్ వస్తే పరీక్షకులు ఇంటర్‌ప్రెటర్ వైపు కాకుండా విద్యార్థి వైపు చూసి అడగాలి. చిన్న విషయంలా ఉంటుంది. ఎన్ని ఆఫీసుల్లో "ఏమంటున్నాడమ్మా?" అని నన్ను అడిగారో, ఎదురుగా మా నాన్న కూర్చుని ఉండగానే.

చెవులు వినపడే పరిశోధకులు ఈ పనికి వద్దనడం లేదు. రావాలి, మీ తెలుగు శాఖ పిల్లలు కూడా రావాలి. ముందుగా ఒక ఏడాది సైగలు నేర్చుకుని రావాలి, నేర్పినందుకు బధిరులకు డబ్బివ్వాలి. పరిశోధన పత్రం వచ్చినప్పుడు వీడియో తీసి, విడదీసి, అర్థం చెప్పిన బధిరుల పేర్లు పైనే ఉండాలి, అడుగున కృతజ్ఞతల్లో కాదు.

బ్రౌన్ 1820లో ఉద్యోగానికి కడప వచ్చాడు. వేమన పద్యాలు అప్పటికి జనం నోళ్లలో, అక్కడక్కడా తాళపత్రాల్లో ఉన్నాయి, పండితులకు వాటి మీద పెద్ద గౌరవం లేదు. ఆయన పోగు చేసి 1829లో అచ్చు వేయించాడు. ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించి, దిద్దించి, 1852లో నిఘంటువు తెచ్చాడు. ఆ పండితులు లేకపోతే ఆ పని లేదు, పుస్తకం మీద పేరు మాత్రం దొరది. వేమన పేరున్న విశ్వవిద్యాలయం, బ్రౌన్ పేరున్న కేంద్రం, రెండూ మీ చేతుల్లోనే ఉన్నాయి. ఈసారి బ్రౌనూ వాళ్లే కావాలి, పండితులూ వాళ్లే కావాలి.

సెప్టెంబరు 23 అంతర్జాతీయ సైగల భాషల దినం. ఆ రోజు శాలువాలు కప్పే సభ పెడితే మేం రాం. దానికి ముందే ఏదో ఒక పనిదినాన, మీ కేంద్రంలోనే, ఒక గంట ఇవ్వండి. ప్రొద్దుటూరు అమ్మాయి తన రెండు వీడియోలు తెస్తుంది. మా నాన్నా, ఇంకొందరు పెద్దవాళ్లూ వస్తారు. రిజిస్ట్రారు గారు, ఫైనాన్స్ ఆఫీసరు గారు కూడా ఉంటే మంచిది, ఎందుకంటే చివరికి ఫైలు ఆగేది అక్కడే. ఆ రోజుకు ఇంటర్‌ప్రెటర్‌గా నేను వస్తాను, నాకేమీ ఇవ్వొద్దు. ఆ తరవాత నుంచి మాత్రం జీతం మీద మనిషిని పెట్టుకోండి.

ఇట్లు,
బధిర దంపతుల కూతురు, తెలుగు అధ్యాపకురాలు,
కడప